మూడోనాటి ఉప్పు

ఫిబ్రవరి 2

నోరు ఎక్కువ కదల్చొద్దని జెబా చెప్పింది. మాట్లాడకపోతే నాకు తిన్నది అరగదు. అందుకని కోల్డ్ స్టోరేజీ వాళ్ళిచ్చిన ఈ డైరీ తీశాను. ఇందులో ఎంతమందిని తిట్టుకున్నా దవడ నొప్పి పుట్టదు.

పన్ను పీకించుకున్నది దీపావళి వెళ్ళాక. శివరాత్రి వస్తోంది, గుంట ఇంకా పూడలేదు. ఇవాళ జెబా చేతికి అద్దం ఇచ్చి చూసుకోమంది. చిగుళ్ళ మధ్యలో తెల్లగా ఏదో కనిపించింది. మెతుకేమోనని నాలుకతో తోశాను. కదల్లేదు.

"అది మెతుకు కాదు పెద్దమ్మా. నీ ఎముకే. పైన కండ కప్పుకోలేదు," అంది.

జెబా ఎదురింటి చాంద్ బాషా కూతురు. వాళ్ళ నాన్న మా గ్రైండర్లు బాగుచేస్తాడు, ఈ పిల్ల పళ్ళు బాగుచేస్తుంది. మా ఇంటి కొరివికారం అన్నం తిని పెరిగిన పిల్ల ఇప్పుడు నన్నే కారం తినొద్దంటోంది.

"పన్ను పీకేముందు మందులేమన్నా వాడుతున్నావా అని అడిగానుగా. బీపీ బిళ్ళ ఒక్కటే అన్నావు."

"ఒక్కటేగా మరి."

"ఏడాదికోసారి గుంటూరులో ఎముకలకి సెలైన్ ఎక్కించుకుంటన్నావంట. నీ కోడలు దీపక్క చెప్తేగానీ తెలియలా."

"అది మందేందే? మందంటే రోజూ మింగేది. అది ఏడాదికోసారి సీసా ఎక్కించుకుని మధ్యాహ్నం అన్నానికి ఇంటికొచ్చేది. అయినా అది విరిగిన చేతికి పెట్టారు. పన్ను పీకేచోట చేతి ఎముక ఊసు ఎవరెత్తుతారు?"

ఆ పిల్ల నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది. ఆ మందు చేతిని వేరుగా, దవడని వేరుగా చూడదట. ఒంట్లో ఉన్న ఎముకనల్లా కరగకుండా పట్టుకుంటుందట. అందుకే గుల్ల బారిన ఎముక గట్టిపడుతుంది. కానీ పన్ను పీకిన చోట పాత ఎముక కరిగి కొత్తది రావాలి కదా, అక్కడ కూడా అలాగే పట్టుకుని కూర్చుంటే పుండు మానదు. ముందే తెలిస్తే జాగ్రత్తపడేదాన్నని అంది. చానా అరుదుగా వస్తుందని కూడా అంది.

అరుదైనవన్నీ నాకే. లాటరీ మాత్రం ఒక్కసారీ తగల్లేదు.

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందని మా అత్తగారు అంటుండేది. ఇన్నాళ్ళకి అర్థమైంది.

ఫిబ్రవరి 3

నొప్పి లేదు. పుక్కిలించే మందు గులాబీ రంగులో ఉంది. చూడటానికే బాగుంది.

ఫిబ్రవరి 5

మూడు పూటలా బిళ్ళలు. నోరంతా ఇనప మేకు చప్పరించినట్టుంది. పొద్దున కాఫీ తాగి, పాలు విరిగాయేమోనని దీపశ్రీ మీద ఎగిరాను. మళ్ళీ కలిపి తెచ్చింది. అదీ ఇనుమే. మధ్యాహ్నం మజ్జిగా ఇనుమే. తప్పు కాఫీది కాదని అప్పటికి తెలిసింది. దానికి మాత్రం చెప్పలేదు. కోడలికి అన్నీ చెప్పుకుంటే ఇంక మనమెందుకు?

ఈయన మంచం పక్కన చేరి వేళాకోళం. "ఏమే రత్నం, నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఇక నరసరావుపేట గతేందో!"

నవ్వితే దవడ లాగుతుంది. అయినా నవ్వొచ్చింది.

ఫిబ్రవరి 8

రొంపిచెర్ల నుంచి పండుమిరపకాయలు దిగాయి. కాయ బాగుంది. ఎర్రగా, తొడిమ పచ్చగా. ఇంటి ముందంతా ఎరుపే. తొడిమలు తీసే ఆడవాళ్ళు రేపు పొద్దున్నే వస్తారు. శివరాత్రికి కొండ తిరునాళ్ళ జనం వచ్చేలోపు మా పచ్చళ్ళ కొట్లోకి సీసాలు చేరాలి.

మా కొట్టు నిలబడింది ఈ పండుమిరప కొరివికారం మీదే. మిగతా పచ్చళ్ళు ఎవరైనా పెడతారు. కొరివికారానికి మాత్రం గురజాల నుంచి కూడా వస్తారు.

జెబా మళ్ళీ చెప్పింది. కారం తగలనివ్వొద్దట. సరేనన్నాను. మూడోనాడు రుచి చూసేటప్పుడు ఒక్కసారి తగిలితే ఏమవుతుంది, గోటి మీదంత.

ఫిబ్రవరి 9

కాయలు తుడిచి, ఆరబెట్టి, చింతపండూ ఉప్పూ పసుపూ వేసి జాడీలకెత్తాం. మొదటిరోజు ఉప్పు కావాలనే తగ్గించి వేస్తాం. ఎక్కువైతే తీయలేం, తక్కువైతే వేయగలం. తగ్గించిన ఉప్పుని పింగాణీ గిన్నెలో పోసి, గుడ్డ కట్టి, విడిగా పెడతాం. అది మూడోనాటి ఉప్పు. మూడోనాడు జాడీ తీసి తిరగ నూరేటప్పుడు రుచి చూసి, ఎంత పడితే అంత కలుపుతాం. చాలకపోతే బూజు పడుతుంది. ఏడాది సరుకు, పేరు, రెండూ పోతాయి.

రుచి చూసేది ఒక్కరే. ఇంటి పెద్దకోడలు తలస్నానం చేసి చూడాలి. ఆమె సరిపోయిందనేదాకా ఇంకెవరి నోటికీ తగలకూడదు, ఎంగిలవుతుంది. మా అత్తగారు మంచం పట్టాక గానీ ఆ పని నాకు ఇవ్వలేదు. అప్పటికి నా జుట్టు సగం నెరిసింది. ఇప్పుడు దీపశ్రీ పచ్చళ్ళ గదిలో అన్ని పనులూ చేస్తుంది. మాచర్ల పిల్ల, చెయ్యి చురుకే, కాదనను. మా అబ్బాయి మురళీధర్ కంటే నయం. కానీ రుచి నాదే.

ఇవాళంతా ఒంగి లేచినందుకు నడుము పట్టేసింది. నొప్పి లేదు. దవడ సంగతి చెబుతున్నాను, నడుము సంగతి కాదు.

ఫిబ్రవరి 10

కింది పెదవి ఒకపక్క మొద్దుబారింది. నీళ్ళు తాగుతుంటే కారిపోయి చీర తడిసింది. నాకు తెలియనే లేదు. ఈయన చూసి జెబాని పిలిచారు.

ఆ పిల్ల పెదవి మీద దూదితో రాసి, "తెలుస్తందా?" అంది.

"ఏం తెలియాలి?"

దాని మొహం మారింది. "పెద్దమ్మా, రేపే గుంటూరు పోదాం. దవడ సర్జన్‌తో మాట్లాడా. ఇన్‌ఫెక్షన్ లోపలికి పోతంది."

"రేపు మూడోనాడు. ఎల్లుండి నుంచి ఎక్కడికంటే అక్కడికి వస్తా."

"పచ్చడి ముఖ్యమా, దవడ ముఖ్యమా?"

"నీకేం తెలుసే, నీ దవడ పచ్చడి మీద బతకట్లా," అన్నాను. అన్నాక బాధేసింది. ఆ పిల్ల నా మంచి కోరే కదా చెప్పింది.

దీపశ్రీ గుమ్మంలో నిలబడి అంతా వింది. "పోనీ ఈసారికి నేను..." అంది.

"నువ్వేంది?" అన్నాను.

లోపలికెళ్ళిపోయింది.

ఫిబ్రవరి 11

తలస్నానం చేశాను. జాడీ మూతికి కట్టిన వాసెన గుడ్డ విప్పారు. రోటి దగ్గర దీపశ్రీ, చుట్టూ పనివాళ్ళు, గుమ్మంలో ఈయన. ఏటా ఇలాగే నిలబడతారు.

అరచేతిలో కాస్త వేసుకుని మంచి పక్కన నాలుక మీద పెట్టుకున్నాను.

ముందు ఇనుము తగిలింది. తర్వాత కారం ఎలా జారిందో జారి పుండులోకి పోయింది. కళ్ళు బైర్లు కమ్మాయి. పులుపు తెలియలేదు. ఉప్పు తెలియలేదు. ఇంకొంచెం వేసుకున్నాను. మంట, ఇనుము, అంతే.

అందరూ నా మొహమే చూస్తున్నారు. తెలియట్లేదని అనాలి. ఆ మాట నోటి చివరిదాకా వచ్చింది. దాని వెనక మా అత్తగారి మంచం గుర్తొచ్చింది. ఆవిడ చేతులు ముడుచుకుని పడుకుని, గదిలోంచి వచ్చే రోటి చప్పుడు వింటూ ఉండేది. రేపటి నుంచి నేనూ అంతేనా అని భయమేసింది.

"సరిపోయింది," అన్నాను.

"ఒక్కసారి మళ్ళీ చూస్తారా అత్తయ్యా?"

"చెప్పాగా! ఎన్నిసార్లు చెప్పాలే నీకు?"

లోపలికొచ్చి పడుకున్నాను. నిద్ర పట్టలేదు.

ఫిబ్రవరి 12

సరిపోయే ఉంటుంది. ఇన్నేళ్ళ చెయ్యి. నాలుకకి తెలియకపోయినా చేతికి తెలుస్తుంది.

ఫిబ్రవరి 13

సరిపోయే ఉంటుంది.

ఫిబ్రవరి 14

గుంటూరు వెళ్ళొచ్చాం. జెబా తన క్లినిక్ మూసుకుని మా కూడా వచ్చింది. దవడ ఫొటో తీశారు. అందులో నా పళ్ళన్నీ నన్ను చూసి నవ్వుతున్నట్టున్నాయి. ఒక ముక్క చచ్చిపోయిందట. చుట్టూ ఉన్న మంచి ఎముక నుంచి విడిపోతోందట. ముందు బిళ్ళలతో చీము తగ్గించి, తిరునాళ్ళ వెళ్ళాక కోసి ఆ ముక్క తీసి కుట్లు వేస్తారు. పెదవి మొద్దు పూర్తిగా పోతుందో లేదో ఇప్పుడే చెప్పలేమన్నారు.

చేతికి కట్టు కట్టిన డాక్టరుగారి దగ్గరికీ వెళ్ళాం. ఈ నెలలో ఎక్కించుకోవాల్సిన సీసా ఉంది. ఆయనా జెబా చాలాసేపు మాట్లాడుకున్నారు. ఈ దఫా ఆపుదామన్నారు. ఎముకల సంగతి తర్వాత చూసుకోవచ్చట, అప్పటిదాకా జారిపడకుండా నడవాలట. నేను కావాలని జారానా?

ఎక్కించుకుంటే దవడ, మానేస్తే నడుము. ముందు నుయ్యి వెనక గొయ్యి. చాలా అలిసిపోయాను. ఒంటికి కాదు, ఇంకెక్కడో.

ఫిబ్రవరి 17

పచ్చళ్ళ గదిలోకి వెళ్ళాను. ఎవరూ లేరు. జాడీ మూత తీసి చూశాను. బూజు లేదు. అప్పుడే రాదు కూడా.

మూలనున్న బస్తాలోంచి గుప్పెడు ఉప్పు తీసి జాడీ మీద చెయ్యి పెట్టాను. చాలకపోయి ఉంటే ఈ గుప్పెడు బతికిస్తుంది. సరిపోయి ఉంటే ఇదే చంపుతుంది. నాలుకని అడిగితే ఇనుమంటుంది. ఎంతసేపు అలా నిలబడ్డానో, చేతిలో ఉప్పు చెమర్చింది.

"ఏం కావాలత్తయ్యా?"

దీపశ్రీ. పిల్లిలా వస్తుంది.

"ఏం లేదు. చీమలు పట్టినయ్యేమోనని చూస్తన్నా."

ఉప్పు జాడీల్లో చీమలేమిటి? అది నవ్వలేదు. నా చేతిని చూసింది. ఉప్పు తీసుకెళ్ళి బస్తాలో పోశాను.

ఫిబ్రవరి 20

తాలింపు పెట్టి సీసాలకెత్తారు. నేను వెళ్ళలేదు. నొప్పి లేదు అని రాయబోయాను. ఉంది.

ఫిబ్రవరి 26

శివరాత్రి. ప్రభలు పోతున్నాయి, వీధంతా మైకులు. దిండు చెవుల మీద పెట్టుకుని పడుకున్నాను. సీసాలు చాలట్లేదని మురళీధర్ సంబరం. ఒక్కో సీసా ఒక్కో ఇంటికి పోయి, మూత తీసేసరికి తెల్లగా...

చెప్పేస్తే బాగుండేది. ఆ రోజు చెప్పేస్తే బాగుండేది.

ఫిబ్రవరి 28

గురజాల బ్రహ్మానందం మాస్టారు వచ్చారు. ఏటా ఆయనే మొదటి వంక పెట్టే మనిషి. కొట్లో కాదు, నేరుగా ఇంట్లోకే వచ్చి నా ఎదురుగా కుర్చీ వేసుకున్నారు. చేతిలో మా సీసా. నేను దాని మూత వంకే చూస్తున్నాను.

"రత్నమ్మగారూ, మొన్న సీసా తీస్కపోయా. పొద్దున వేడన్నంలో కలుపుకున్నా."

"ఏమైంది మాస్టారూ?"

"ఏమయ్యేదేంది? సగమైపోయింది! అందుకే ఇంకో నాలుగు తీస్కపోదామని వచ్చా. నోరు బాలేదంట గదా. బాలేని నోటికే ఇట్టా కుదిరితే, బాగుంటే మమ్మల్ని బతకనిస్తారా!"

ఆయన వెళ్ళాక చాలాసేపు నా చెయ్యి నేనే చూసుకున్నాను. చేతికి తెలుస్తుందని నేను అనలేదూ! ఇన్నేళ్ళ చెయ్యి. నాలుక పోతే పోనీ. సాయంత్రం ఈయనతో కూడా అన్నాను. "ఆఁ, నీ చెయ్యే," అన్నారు పేపర్లోంచి తల ఎత్తకుండా.

మార్చి 1

ఇవాళ కాఫీ బాగానే ఉన్నట్టుంది. బిళ్ళలు మార్చారు, అందుకేమో.

మార్చి 4

ఎల్లుండి ఆసుపత్రిలో చేరాలి. చేరేముందు పచ్చళ్ళ గది ఒకసారి చూసుకుందామని వెళ్ళాను. మళ్ళీ కాయ వస్తుంది, గిన్నెలు ఎక్కడివక్కడ ఉన్నాయా లేదా అని.

పింగాణీ గిన్నె బోర్లించి ఉంది. కడిగి, ఆరబెట్టి, గుడ్డ మడిచి పక్కన పెట్టారు.

నేను సరిపోయిందన్నాను. ఒక్క పలుకు కలపలేదు. ఆ లెక్కన మూడోనాటి ఉప్పు గిన్నెలో అట్లాగే ఉండాలి.

అక్కడే పీట మీద కూర్చున్నాను. దీపశ్రీ చింతపండు బుట్టతో వచ్చి, నన్నూ నా ఒళ్ళోని గిన్నెనూ చూసి ఆగిపోయింది.

"నోట్లో పెట్టుకున్నావా?" అన్నాను.

"పెట్టుకున్నా అత్తయ్యా."

"ఎప్పుడు?"

"మీరు పోయి పడుకున్నాక. అందర్నీ అన్నాలకి పంపించి తలస్నానం చేసొచ్చి చూశా. చప్పగా ఉంది. ఉన్నదంతా కలిపా. ఇంకో గుప్పెడు బస్తాలోది కూడా పట్టింది."

"సరిపోయిందని చెప్పా గదే! నా మాట మీద నమ్మకం లేదా?"

"మీరు ఏ ఏడన్నా మొదటిసారి సరిపోయిందన్నారా?"

గిన్నెని ఒళ్ళో అటూ ఇటూ తిప్పాను.

"నేనొచ్చిన కాడ్నుంచి చూస్తన్నా. మీరు నోట్లో పెట్టుకోటం, మొహం చిట్లించటం, 'ఇంకో గుప్పెడు పడుద్ది' అనటం. అది కలిపాక మళ్ళీ చిట్లించటం. ఎంత బాగున్నా వంక పెట్టకుండా మీరు వదల్రు. ఆ రోజు మొహం చిట్లియ్యలా. వంక పెట్టలా. సరిపోయిందని పోయి పడుకున్నారు." బుట్ట కింద పెట్టింది. "నాకు పచ్చడి సంగతి కాదు అత్తయ్యా, మీకేమైందోనని భయమేసింది."

నాకు కోపం వచ్చింది. కానీ దానికంటే ముందు ఊపిరి వచ్చింది. ఇన్నాళ్ళూ బిగబట్టిన ఊపిరి. ఆ తర్వాత సిగ్గేసింది. మాస్టారు పొగిడితే నా చెయ్యి నేనే ముద్దుపెట్టుకున్నంత పని చేశానే, ఆ సిగ్గు.

"మీ మామయ్యకి తెలుసా?"

"ఉప్పు గిన్నె అందించింది ఆయనే."

పేపర్లోంచి తల ఎత్తకుండా నీ చెయ్యే అన్న పెద్దమనిషి!

"నాకెందుకు చెప్పలా?"

"మీరెందుకు చెప్పలా?" అంది.

ఆ ముక్క మా అత్తగారితో నేనెప్పుడూ అనలేకపోయాను. దీన్ని చూస్తే ఒళ్ళు మండింది, ఏడుపూ వచ్చింది. చీర కొంగు అందించింది. దానిదే.

మార్చి 6

ఆసుపత్రి. పొద్దుట్నుంచి మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు. జెబా పక్కన కూర్చుంది, దానికి రంజాన్ ఉపవాసాలు. "ఇద్దరం ఖాళీ కడుపులే పెద్దమ్మా," అని నవ్వింది. భయంగా ఉందని దానికి చెప్పాను. ఈసారి మాత్రం దాచుకోలేదు.

మార్చి 7

గంజి.

మార్చి 9

తీసిన ముక్క చూపించారు. చింతపిక్కంత ఉంది. దీనికోసమా ఇంత. చింతపండులోనైతే ఏరి అవతల పారేసేదాన్ని.

పెదవి ఇంకా మొద్దుగానే ఉంది. రావచ్చు, రాకపోవచ్చు.

మార్చి 12

ఇల్లు. గంజి, జావ, మజ్జిగ. మజ్జిగలో ఉప్పు ఉందా లేదా అని మూడుసార్లు అడిగాను. ఉందన్నారు. కుట్టిన వైపు నుంచి కారిపోకుండా దీపశ్రీ గడ్డం కింద తువ్వాలు పట్టుకుంది. ఒకప్పుడైతే చేతిమీద కొట్టేదాన్ని.

మార్చి 17

ఆఖరి కోత కాయ మొన్న జాడీలకెత్తారు. ఇవాళ మూడోనాడు.

దీపశ్రీ వచ్చి మంచం దగ్గర నిలబడింది. తలస్నానం చేసి, జుట్టు ముడేసుకుని. "అత్తయ్యా, రండి," అంది. నన్ను నడిపించుకెళ్ళి పీట మీద కూర్చోబెట్టింది. పనివాళ్ళు చుట్టూ నిలబడ్డారు. ఈయన గుమ్మంలో. పింగాణీ గిన్నె గుడ్డ కట్టి నా పక్కనే పెట్టింది.

జాడీ విప్పారు. అందరూ నా మొహం చూశారు. నోరు తెరవడానికి లేదు. దీపశ్రీ చెయ్యి పట్టుకుని, అరచేయి విప్పి, గరిటెతో నేనే అందులో కాస్త వేశాను. తొడిమలు తీసే ఒకామె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పెట్టుకోనీ.

దీపశ్రీ నా వైపే చూస్తూ నాలుక మీద పెట్టుకుంది. కళ్ళు మూసుకుంది. నాకు ఆ కాసేపూ నా నోట్లోనే ఉన్నట్టుంది. తర్వాత దాని మొహం చిట్లింది. ముక్కు దగ్గర, అచ్చం మా అత్తగారికి చిట్లినట్టు. నాకూ అలాగే చిట్లుతుందేమో, నేనెప్పుడూ చూసుకోలేదు.

"ఇంకో గుప్పెడు పడుద్ది," అంది.

గిన్నె గుడ్డ విప్పి దాని ముందుకి జరిపాను. గుప్పెడు తీసి వేసింది. దాని గుప్పెడు నా గుప్పెడుకంటే పెద్దది. ఎక్కువేమో అనిపించింది. చెయ్యి ఎత్తి ఆపబోయి, దించేసుకున్నాను.

లోపలికొచ్చి పడుకున్నాను. రోటి చప్పుడు వినపడుతూనే ఉంది. నిద్ర పట్టింది.